ఎవ్వరూ ఎత్తొద్దన్న ఫోను

బిడ్డా, మొన్న మీ నాయన మన దుకాణం పాత ఫొటో మీ ఫోన్లకు పంపిండట గద. అది చూసి చిన్నది నన్ను అడిగింది, "నానమ్మా, బల్ల మీద నీ ముందల రెండు సెల్లులున్నయి. నీకు అంత పనుండెనా?" అని. నేను నవ్వి ఊకున్న. అటు మీరు బస్సు ఎక్కుతున్నరు, ఇటు నా కూర మాడుతుంది. గట్ల నిలబడి చెప్పే ముచ్చట కాదది. ఇప్పుడు కూసున్న, చెప్త. ఇద్దరూ నిమ్మళంగ ఇనుండ్రి.

ఆ రెండిట్ల ఒకటి మాట్లాడే సెల్లు. రెండోది ఎవ్వరూ ఎత్తొద్దన్న సెల్లు. అది మోగినా సరే, మోగీ మోగీ ఆగిపోవాలె తప్ప ఎవ్వరూ చెయ్యి పెట్టొద్దు. మీ తాత ఓసారి మర్చిపోయి ఎత్తి హలో అన్నడు. ఆ రోజు నేను ఆయనను చూసిన చూపుకు పొద్దూకేదాక ఛాయ్ గూడ అడగలే.

మన దుకాణం బూర్గంపాడుల బస్సులు ఆగే కాడ ఉండె. మొదట్ల ఎస్టీడీ బూతు. పసుపు బోర్డు, అద్దాల డబ్బా, డబ్బాల ఫోను, ఓ చిన్న ఫ్యాను. సెల్లులు వచ్చినంక డబ్బాల నిలబడేటోళ్లు తగ్గిండ్రు. మేము గూడ రీచార్జి కార్డులు తెచ్చి దండ లెక్క ఏలాడదీసినం. గూడేల నుంచి వచ్చేటోళ్లకు మాత్రం ఇంక డబ్బా ఫోనే. వాళ్లకు నంబరు కొట్టిచ్చేది నేనే.

అప్పుడు కాలర్ ట్యూన్ల పిచ్చి మస్తుగ ఉండె. మీకు తెలవది కావచ్చు. ఎవరికన్న ఫోన్ కొడితే ట్రింగ్ ట్రింగ్ బదులు వాళ్లు పెట్టుకున్న పాట మన చెవుల ఇనబడేది. ఎత్తిందాక పాట, ఎత్తంగనే మాట. పెండ్లి కుదిరినోడు వచ్చి ఓ పాట పెట్టుమనేది, అదే పెండ్లి తప్పిపోతే వారం తిరగకముందే వచ్చి ఏడుపు పాట పెట్టుమనేది. ఒకాయనైతే, "అమ్మా, నాకు దేవుని పాట పెట్టు, అప్పులోళ్లు ఫోన్ చేస్తరు, ఇనుకుంట కొంచం సల్లబడతరు" అన్నడు. పెట్టిన. సల్లబడ్డరో లేదో నాకు తెలవదు.

సంత రోజు అడవి గూడేల నుంచి వచ్చేటోళ్లల్ల ఒకామె ఉండె. అడ్డాకులు తెచ్చేది. అడవి తీగలకు ఉంటది ఆ ఆకు, ఎండబెట్టి పుల్లలతోని కుట్టి విస్తర్లు చేస్తరు. తలమీద కట్టలు పెట్టుకొని వస్తే ఆమె ముఖం కనబడేది కాదు, ఆకుల కుప్ప నడిచొస్తున్నట్టే ఉండేది. నాకంటె కొంచం పెద్దది. నన్ను వదినా అనేది, నేను గూడ వదినా అనేదాన్ని. ఇండ్లల్ల వాళ్ల భాషనే మాట్లాడుకుంటరు. నాతోని తెలుగు మాట్లాడితే ఏరు దాటుతున్నట్టు, ఒక్కో రాయి చూసుకొని కాలు పెట్టినట్టు మాట్లాడేది. గని ఎక్కిరించుడుల మాత్రం ఎక్కడా తడబడకపోయేది. నా బల్ల మీద ఫ్యాను తిరుగుతుంటే చూసి, "వదినా, నీ గాలికి గూడ బిల్లు కడతవా? మా అడవికి రా, ఉట్టిగనే ఇస్త" అనేది.

ఓ సంత రోజు ఖమ్మంల ఆకులు కొనే షావుకారికి ఫోన్ కొట్టుమంది. కొట్టి చేతికిచ్చిన. డబ్బాల నిలబడి చెవికి పెట్టుకుంది. నేను ఎవరికో చిల్లర ఇస్తున్న. తలెత్తి చూస్తే ఆమె కట్టెలెక్క బిగుసుకపోయింది. ఆ దిక్కు నుంచి షావుకారు "హలో, హలో, ఎవరూ?" అని మొత్తుకునేది బయటికి నాకే ఇనబడుతుంది. ఆమె ఫోను పెట్టేసింది.

"ఏమైంది వదినా? ఆకులు వద్దన్నడా?"

"మళ్ల కొట్టు."

కొట్టిన. మళ్ల గంతే. షావుకారు హలో అన్నడు, ఈమె పెట్టేసింది. ఇంకోసారి కొట్టుమంది. ఈసారి షావుకారు నోటికొచ్చినట్టు తిట్టిండు. మీ తాత బయట బెంచీ మీద పేపరు చదువుతుండు, "ఎవరమ్మా గాయనను గట్ల సతాయించేది?" అన్నడు.

వదినె తలుపు తీసి నా దిక్కు చూసింది. కండ్ల నిండ నీళ్లు, గొంతుల కోపం.

"వదినా, పాట నడుస్తుంటే గాయన మధ్యల ఎందుకొస్తుండు?"

"గాయన ఫోనే గద వదినా. ఆయనే ఎత్తుతడు."

"ఆ ఫోన్ల మా చెల్లె ఉంది."

నాకు అర్థం కాలే. షావుకారు నంబరు నేనే కొట్టి చెవికి పెట్టుకున్న. ఒక ఆడమనిషి గొంతు. డోలు ఎక్కడనో దూరంగ మోగుతుంది. మాటలు వాళ్ల భాషయి, నాకొక్కటి గూడ తెలవది. ఒక్క మాటను పట్టుకొని లాగీ లాగీ, తెగుతదేమో అనుకునేటప్పుడు మెల్లగ కింద పెట్టినట్టు పాడుతుంది. ఎనకనే ఇంకో గొంతు అందుకుంది, కొంచం బరువు గొంతు. ఆ రెండోది నాకు ఎరుకే. సంత సంతకు నన్ను ఎక్కిరించే గొంతే. అంతల షావుకారు ఎత్తిండు, ఇంక ఆయన తిట్లు నేను పడ్డ.

అప్పుడు చెప్పింది ఆ ముచ్చట. కాసెట్ల కాలంల పట్నం నుంచి ఓ కంపెనీ ఆయన మిషను పట్టుకొని వాళ్ల గూడెం పోయిండట. బడి కిటికీలకు గోనెసంచులు కట్టి, చుట్టూ కోళ్లను తరిమేసి, కొలుపు పాటలు పట్టుకపోయిండు. కొలుపు అంటే వాళ్ల వేల్పును కొలిచే పండుగ. ఆ పాట ఒక్కరు పాడేది కాదు. అక్క ముందు పాడుతది, ఆగుతది. ఆ ఆగిన జాగల చెల్లె వంత పాడుతది. చెల్లె ఆపితే మళ్ల అక్క. ఒకరి జాగల ఇంకొకరు పాడరు. చెల్లెకు అప్పుడు చంకల చంటిపిల్ల. ఏడిస్తే మిషన్ల పడతదని పాలిచ్చుకుంటనే పాడిందట. కంపెనీ ఆయన అందరికీ తలా ఓ చీర పెట్టి పోయిండు.

మరుసటి ఏడు వానకాలం చెల్లెకు జరం పట్టింది. వాగులు పొంగినయి, బండి పోదు, మంచం మీద మోసుకొని దవాఖానాకు తెస్తుంటే తొవ్వలనే పానం పోయింది. గూడెంల ఉన్న ఒక్క కాసెటును గోదారికి వరదొచ్చిన ఏడు బురద మింగింది. ఆ కంపెనీ కాసెట్లు చేసుడే బందు పెట్టింది. వదినె చెల్లె గొంతు ఇనక చాన ఏండ్లయింది. మళ్ల ఇంటే, ఖమ్మం షావుకారు ఎత్తిందాక ఇనాలె.

ఆ పాట ఖమ్మం దాక ఎట్ల పోయిందో నాకు తెలవదు. కంపెనీ వాళ్లు పాత పాటలన్ని ఫోన్లోళ్లకు ఇచ్చిండ్రట. ముందటి ముక్క నరికేసి చెల్లె వంత కాడి నుంచి పెట్టిండ్రు. వదినె గొంతు వచ్చి ఒక్క లైనన్న నిండకముందే కట్.

"నీ గొంతు మొత్తం రానియ్యలే గద వదినా" అన్న.

"నా గొంతు నా దగ్గరనే ఉంది. మా చెల్లెది మంచిగ పెట్టిండ్రు, చాలు."

నేను ఇంట్ల పడున్న ఇంకో సెల్లు తెచ్చి, దానికి ఆ పాట పెట్టించిన. సంత రోజు వదినె కట్టలు దించి, డబ్బాలకు పోతది. నేను ఆ సెల్లుకు ఫోన్ కొట్టిస్త. ఇటు బల్ల మీద సెల్లు మోగుతుంటది, అటు డబ్బాల ఆమె చెవుల చెల్లె పాడుతుంటది. ఎత్తకపోతే బిల్లు పడదు. అందుకే బిడ్డా, ఎవ్వరూ ఎత్తొద్దన్నది.

మీ తాత మొదట్ల ఎక్కిరించిండు. "ఊరందరు ఫోను ఎత్తుతలేరని ఏడుస్తరు, మనింట్ల ఎత్తితే ఏడుస్తరు" అనేటోడు. తర్వాత తర్వాత ఆయనే, సెల్లు మోగుతుంటే గిరాకోళ్లకు వేలు చూపించి, ఉష్, అనేటోడు.

గిట్ల నడుస్తుండంగ, కార్డులు తెచ్చే సేల్సాయన ఓ రోజు కొత్త పోస్టరు తెచ్చి అంటించిండు. కాలర్ ట్యూన్ల నంబర్లన్ని ఉంటయి దాని మీద. నేను కండ్లద్దాలు పెట్టుకొని పై నుంచి కిందికి చూసిన. ఆ పాట లేదు.

"ఏమయ్యా, గూడెపోళ్ల కొలుపు పాట లేదేంది?"

"కొన్ని పాటలు తీసేస్తున్నరమ్మా. పాడినోళ్ల కాగితాలు సక్కగ లేనియి. ఇప్పుడు పెట్టుకున్నోళ్లకు గూడ కొన్ని దినాలల్ల బందయితది."

ఆయనే చెప్పిండు. ఎవరన్న ఆ పాట పెట్టుకున్నప్పుడల్ల అందుల పాడినోళ్లకు ఇంత వాటా పోవాలెనట. కంపెనీ ఆయన కాసెటు నాడే అట్ల రాసిండట. ఆ వాటా పైసలు పట్నంల ఓ ఆఫీసుల పక్కకు పెట్టి ఉంచిండ్రు. అడిగేటోళ్లే లేరు. పాడినోళ్లు వచ్చి మేమే అని చెప్పుకుంటే పైసలూ ఇస్తరు, పాటా ఉంటది. రాకపోతే రెండూ పోతయి.

నేను సంబురపడ్డ. గింతేనా, పేరు రాసిస్తే అయిపాయె అనుకున్న. సంత రోజు వదినె రాంగనే చెప్పిన. ఆమె కట్టలు దించను గూడ దించలే, ఆకుల కుప్ప కింద నుంచే అన్నది, "ఆ కంపెనీ ఆయన గూడ అడిగిండు పేర్లు. వేల్పు పేరు రాసుకొమ్మన్నం. రాసుకున్నడు."

"పాడింది మీరు గద?"

"పాట వేల్పుది. మా తాతలు పాడిండ్రు, మా అమ్మ పాడింది. ఒక్కరన్న నాది అన్నరా? అన్నోళ్లకు గొంతు ఉండదు."

అది వాళ్ల కట్టుబాటు బిడ్డా. కొలుపు పాటకు ఎవ్వరూ తన పేరు పెట్టుకోరు. ఆ కాసెటు అట్ట మీద, ఫోన్లోళ్ల పోస్టరు మీద పాడినోళ్ల పేరు కాడ ఉన్నది ఆ వేల్పు పేరే. మీ తాత గడ్డం గోక్కుంట, "మరి ఆ తల్లే వచ్చి వేలిముద్ర ఏస్తదా?" అన్నడు. వదినె గుడ్లురిమి చూసింది. ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నడు.

నేను సేల్సాయనతోని పట్నం ఆఫీసు నంబరు తెప్పించి ఫోన్ కొట్టిన. ఓ సారు ఎత్తిండు. గొంతు మెత్తగనే ఉంది.

"పాడినవారి పేరు చెప్పండమ్మా."

వేల్పు పేరు చెప్పిన.

"ఆమె మీ ఊళ్లోనే ఉంటారా?"

"ఉంటదనే నమ్ముతరు సారు. గని ఫోన్లకు రాదు."

నేను మొత్తం ముచ్చట చెప్పిన. ఓపికగనే ఇన్నడు. చివరికి అన్నడు, "అర్థమైంది కానీ అమ్మా, దేవత పేరు మీద మేం ఇవ్వలేం. బతికున్న మనిషి వచ్చి నేనే పాడాను అని రాసివ్వాలి. చనిపోయినవాళ్లయితే వాళ్ల వారసులు రాసివ్వాలి. ఎవరో ఒకరి పేరు లేకుండా పాటని ఉంచలేం."

ఆ మాట వదినెకు చెప్పిన. ఆమె డబ్బాలకు పోలే ఆ రోజు. ఆకుల కట్ట మీద కూసున్నది. "చెల్లె గొంతు కావాల్నంటే నా గొంతు ఇచ్చుకొమ్మంటున్నడు వదినా ఆయన. నా పేరు రాస్తే రేపు కొలుపుల నేను నోరు తెరిస్తే ఏమొస్తది? గాలొస్తది."

నీ నమ్మకం ఉట్టిది అనే నోరు నాకు లేదు. పాట పోనీ అనే నోరు అంతకంటె లేదు. ఆమె లేచి, బల్ల మీద ఉన్న ఆ సెల్లును వేలితోని ఓసారి నిమిరి పోయింది.

రెండు దినాలు నాకు బువ్వ సయించలే. మీ తాత చూసి చూసి, "నడువు, గూడెం పోయొద్దాం, నువ్వు ఇక్కడ కూసొని ఫోన్ దిక్కు చూస్తే ఏమైతది" అని మోపెడు తీసిండు. అప్పటి తొవ్వ మీకు తెలవదు. మొదలు డాంబరు రోడ్డు, తర్వాత ఎర్రమట్టి, తర్వాత రోడ్డు అనేదే లేదు, రెండు దిక్కుల టేకు చెట్లు, ఎండుటాకుల మీద బండి జారుతుంటది. ఓ కాడ నేను దిగి నడిచిన, ఆయన బండి తోసుకొచ్చిండు. ఇప్పపూలు రాలే కాలం. గాలి పీలిస్తేనే నోట్లె తీపి తగిలేది.

వదినె వాకిట్ల ఆకులు ఆరబోస్తుంది. మమ్ముల చూసి, "అయ్యో, మీరు గూడ నా గాలికే వచ్చిండ్రా?" అన్నది. మంచం ఏసింది. గూడెం పెద్దమనిషిని పిలిపించింది. ఆయనకు తెల్ల మీసాలు, భుజం మీద తువ్వాల. నేను పట్నం సారు అన్న మాటలు మళ్ల ఒక్కొక్కటి చెప్పిన. బతికున్నోళ్లయితే వాళ్లు, చనిపోయినోళ్లయితే వారసులు అని.

పెద్దమనిషి తల అడ్డంగ ఊపిండు. "బతికున్నోళ్లు కొలుపు పాటకు పేరు పెట్టుకోవద్దు. మా తాతల నుంచి లేదు."

ఇంక అయిపోయిందనుకున్న. వదినె మాత్రం ఇంట్లకు చూస్తుంది. వాళ్ల ఇండ్లల్ల ఓ మూలకు కుండ ఉంటది. పోయినోళ్లను ఊరికె పోనియ్యరు వాళ్లు. డోలు కొట్టి, పిలిచి, ఆ కుండల కలుపుకుంటరు. అప్పటి నుంచి వాళ్లు వేల్పులతోని సమానం. వదినె ఆ కుండనే చూసుకుంట, మెల్లగ అడిగింది.

"పెద్దయ్యా, చెల్లెను మనం కలుపుకున్నమా లేదా?"

"కలుపుకున్నం. నేనే డోలు కొట్టిన గద."

"కలిసినంక చెల్లె వేరు, వేల్పు వేరా?"

"వేరెట్లయితది?"

"మరి చెల్లె పేరు రాస్తే వేల్పు పేరు రాసినట్టే గద. బతికున్నోళ్లు పెట్టుకోవద్దు. చెల్లె బతికి లేదు."

పెద్దమనిషి తువ్వాల తీసి ముఖం తుడుసుకున్నడు. మళ్ల తుడుసుకున్నడు. మీ తాత నా చెయ్యి మీద గిచ్చిండు, ఊకో అన్నట్టు. నేను ఊకనే ఉన్న పాపం.

"అవ్," అన్నడు పెద్దమనిషి. "గట్లనే అయితది."

"మరి ఈమె పేరో?" అన్నడు మీ తాత. "ముందు పాడేది ఈమె గద."

వదినె పకపక నవ్వింది. "నాది ఇప్పుడు గాదన్నా. నేను గూడ ఆ కుండలకు పోయినంక రాయించుండ్రి. అట్లని జల్దీ జల్దీ పంపించకుండ్రి."

చెల్లె బిడ్డ, అప్పుడు పాలు తాగిన చంటిది, ఇప్పుడు పెండ్లయి అశ్వారావుపేట దిక్కు పామాయిల్ తోటలల్ల పనికి పోతుంది. వారసురాలు ఆమెనే. ఆమెను పిలిపించినం. ఆ పిల్ల తల్లి ముఖం ఎరగదు. దుకాణం డబ్బాల నిలబెట్టి, ఆ సెల్లుకు ఫోన్ కొట్టించి, "మీ అమ్మ" అన్న. పాట అయిపోయినంక గూడ ఫోను చెవికే పెట్టుకొని ఉంది. ఇంకోసారి కొట్టుమని నాకు ఎవరూ చెప్పే పని లేకుండె.

తర్వాత పంచాయతీకి తిరిగినం, భద్రాచలం పోయినం, ఖమ్మం పోయినం. తొవ్వల సచ్చిపోయిన మనిషికి సచ్చిపోయినట్టు కాగితం ఎవరియ్యాలె అని ఒకరి మీద ఒకరు చెప్పుకున్నరు. ఓ ఆఫీసుల ఒకాయన, "పాట పాడితే పైసలొస్తయా? మా ఆవిడ గూడ పాడుతది" అన్నడు. "అయితే ఆమెనే కూసోబెట్టు సారు ఇక్కడ, పనన్న జరుగుతది" అన్న. మీ నానమ్మ ఎప్పుడూ మెల్లగనే మాట్లాడుతది, గని ఆ రోజు నోరు జారింది. సంతకం మాత్రం పెట్టిండు.

అన్నీ పంపినంక పట్నం సారే దుకాణంకు ఫోన్ చేసిండు. "కాగితాలు సరే అమ్మా. కానీ పాటలో రెండు గొంతులున్నాయి. అందులో వంత ఈమెదే అని మేం ఎలా నమ్మాలి? ముందు పాడినామె ఉన్నారన్నారు కదా. ఆమెతో పాడించండి. నా దగ్గర మొత్తం పాట ఉంది, పక్కన పెట్టుకుని వింటాను."

ఆ రోజు సంత. వదినె అక్కడనే ఉంది. చెప్పిన. కొంగు నడుముకు చుట్టింది, చెప్పులు బయట ఇడిసింది. డబ్బాలకు పోలే, దుకాణం నడుమ నిలబడ్డది. నేను ఫోను తీగ లాగి ఆమె నోటి కాడ పట్టుకున్న. పాడింది.

నేను ఆమె పాట ఎదురుంగ ఇన్నది అదే మొదలు. ఆకులమ్ముకునేటప్పటి గొంతు కాదది. లోపలెక్కడనో పొయ్యి అంటుకున్నట్టు, మెల్లగ మొదలై దుకాణం అంత నిండింది. బయట ఉప్పు కొనేటోళ్లు, బస్సు కోసం చూసేటోళ్లు గుమ్మం కాడికి వచ్చిండ్రు. ఎవరో కార్డు కావాలె అంటే మీ తాత చెయ్యి అడ్డం పెట్టిండు.

ఓ కాడ పాట ఆగింది.

నేను ఫోను ఇంకొంచం దగ్గరికి పెట్టిన, ఊపిరి అందలేదేమో అని. ఆమె నా దిక్కు చూడలే. తల కొంచం ఎడమ దిక్కుకు వంచి, పక్కన ఎవరో నిలబడ్డట్టు, ఇంటున్నట్టు నిలబడ్డది. పెదవులు కదలలే. కాలి బొటనవేలు ఒక్కటి నేల మీద డోలు లెక్క కొట్టుకుంటుంది. అందరం ఆగినం. ఫ్యాను చప్పుడు తప్ప ఏం లేదు. అంత పొడుగు ఆగుడు నేనెన్నడూ ఇనలే. తర్వాత ఆ వేలు ఓ కాడ ఆగింది, ఆమె అందుకున్నది. మళ్ల పాడింది. మళ్ల ఆగింది.

"అమ్మా, లైను కట్ అయిందా?" ఫోన్ల సారు అడిగిండు.

నేను వదినె దిక్కు చూసిన. ఆమె ఫోను దిక్కు వంగి చెప్పింది, "అది మా చెల్లె జాగ సారూ. నేను పాడొద్దు."

ఆయన మళ్ల మొదటి నుంచి పాడుమన్నడు, ఆమె పాడింది. ఆయన కాడ పాట నడుస్తున్నట్టు ఇక్కడికి సన్నగ ఇనబడుతుంది. తర్వాత అన్నడు, "ఆమె ఆగినంతసేపే ఇక్కడ వంత ఉందమ్మా. ఇటు అయిపోతుంటే అటు ఆమె ఎత్తుకున్నారు." ఇంకేం అడగలే. ఒక్కటే అన్నడు, "మరి ఆమె వాటా కూడా ఉంది. పేరు చెబితే ఒకేసారి రాసేస్తాను."

"ఆమెది ఇప్పుడు గాదట సారు."

"ఎప్పుడట?"

"ఆ దినం వస్తే నేనే ఫోన్ చేస్త సారు" అన్న.

పాట ఉన్నది. తర్వాత వచ్చిన పోస్టరు మీద మళ్ల వచ్చింది, ఈసారి చెల్లె పేరుతోని. వదినెకు చదువు రాదు. నేను పేరు కింద వేలు పెట్టి చూపిస్తే, ఆ అక్షరాలను చానసేపు చూసి, "సన్నగ రాసిండ్రు, మా చెల్లె బొద్దుగ ఉండేది" అన్నది. వచ్చిన పైసలల్ల కొన్ని చెల్లె బిడ్డ ఇంటి కప్పుకు పోయినయి. మిగిలినయి గూడెంల డోలుకు కొత్త తోలు, కొలుపు నాడు అందరికీ బువ్వ. మమ్ముల గూడ పిలిచిండ్రు. వదినె కుట్టిన విస్తరిల తిన్నం. మీ తాత మూడుసార్లు ఏసుకున్నడు, ఆ రోజు నేనేం అనలే.

వదినె తర్వాత గూడ సంతకు వచ్చింది, డబ్బాలకు పోయింది, ఆ సెల్లు మోగుతనే ఉంది. ఆకుల కట్టలు సన్నబడుకుంట వచ్చినయి. ఓ ఎండకాలం రాలే. గూడెం నుంచి ఇంకొకరు వచ్చి చెప్పిండ్రు. నేను దుకాణం బందు పెట్టి పోయొచ్చిన. అప్పుడు పట్నంకు ఫోన్ చెయ్యలే. ఆగిన. కొన్ని నెలలకు చెల్లె బిడ్డ ఫోన్ చేసింది.

"అత్తా, నిన్న పెద్దమ్మను కుండల కలుపుకున్నం. డోలు మోగింది. ఇంక రాయొచ్చు."

తెల్లారి పట్నం ఆఫీసుకు కొట్టిన. ఆ పాత సారు లేడు, కొత్తాయన ఎవరో. ముందు పాడినామె పేరు చెప్పి, వారసులు ఈ బిడ్డనే, కాగితాలు పంపుతం అన్న. ఆయన కంప్యూటర్ల చూసిండు కావచ్చు.

"ఇన్నేళ్ల నుంచి ఈమె వాటా ఇక్కడే ఉందమ్మా. పక్కనే ఉన్న పేరు క్లెయిమ్ చేశారు, ఇదెందుకు వదిలేశారు? అప్పుడే అడగొచ్చు కదా?"

"అప్పుడు ఆమె బతికుండె సారు" అన్న.

ఆయనకు ఏం సమజైందో నాకు తెలవదు. సరే అన్నడు.

ఇప్పుడు కాలర్ ట్యూన్లు లేవు, ఆ డబ్బా లేదు. ఆ సెల్లు నా పెట్టెల చీరల నడుమ ఉంది, బ్యాటరీ ఉబ్బిపోయింది. గని ఆ పాట మొత్తం మీ ఫోన్లల్ల దొరుకుతదట, మీ నాయన చెప్పిండు. ఎతికి పెట్టుకోండ్రి బిడ్డా. కింద రెండు పేర్లుంటయి, పక్కపక్కన. ముందు పాడేది వదినె. పాడుకుంట పాడుకుంట ఓ కాడ ఆగుతది. అయిపోయిందనుకొని తీసెయ్యకుండ్రి. ఆగుండ్రి.